స్పీడు బోటు జమాఖర్చు



పెద్దాపురం మనిషి స్పీడు బోట్ల గురించి మాట్లాడ్డమేమిటని మీలో కొందరికి ఈపాటికే నవ్వొచ్చి ఉంటుంది. మా ఊళ్లో పట్టు మగ్గాలున్నాయి, పాండవుల మెట్ట ఉంది, ఆషాఢం వస్తే మరిడమ్మ తల్లి జాతర ఉంది. బోటు వేసుకుని షికారు తిరగడానికి నీళ్లు మాత్రం లేవు. సముద్రం చూడాలంటే ఇరవై కిలోమీటర్లు పోయి కాకినాడలో చూడాలి. గోదావరి చూడాలంటే అంతకు రెట్టింపు పోయి రాజమండ్రిలో చూడాలి. దగ్గర్లో పడవ ఎరిగిన నీళ్లంటే సామర్లకోట కాలవే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలవలు పొలాలకు నీళ్లే కాదు, ఊళ్లకు దారులూ అయ్యాయి. కాటన్ దొర ఆ ఉద్దేశంతోనే వాటిని వేయించాడు, లాకులు కట్టించాడు. ధాన్యం పడవల్ని గట్టు మీద నుంచి మనుషులు తాడేసి లాక్కుపోయేవారు. పడవ వేగమంటే అప్పట్లో మనిషి నడక వేగమే.

ఈ ప్రసంగానికి కారకుడు మా మేనల్లుడు. అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. అక్కడ లూయిస్‌విల్ సరస్సు మీద శనాదివారాలు స్నేహితుల బోటెక్కి తిరిగి తిరిగి రుచి మరిగాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు, "మావయ్యా, కాకినాడలో ఓ స్పీడు బోటు కొని పడేద్దాం. నేనొచ్చినప్పుడల్లా హోప్ ఐలాండ్ పోయి రావచ్చు. నేను లేనప్పుడు నువ్వు తిరుగు" అన్నాడు. బళ్లో ఫిజిక్సు చెప్పి రిటైరైన వాణ్ని. చేతికి బోటిస్తానంటే వద్దనడానికి నోరు రాలేదు. అలాగని సరేననడానికీ రాలేదు. కాగితం కలం తెచ్చుకో, జమాఖర్చు రాద్దాం అన్నాను. ఆ లెక్కే ఇవాళ మీకు అప్పజెబుతున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. నేల మీద వేగం చవక, నీటి మీద వేగం ఖరీదు. ఎందుకని? నీరు గాలికంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు బరువైనది. పడవ దాన్ని పక్కలకు తోసుకుంటూ పోవాలి. తోసిన నీరు ఊరుకోదు, అలై లేస్తుంది. ముక్కు దగ్గర ఒక అల, వెనక ఒక అల. వేగం పెరిగేకొద్దీ ఆ రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది. చివరికి పడవ పొడవంతా తను లేపిన అలల గుంటలోనే ఇరుక్కుంటుంది. ఇరవై అయిదు అడుగుల మామూలు పడవకి ఆ హద్దు గంటకు పన్నెండు కిలోమీటర్ల చిల్లర. హుషారుగా తొక్కితే సైకిలు దాటిపోతుంది. ఆ హద్దు లోపల కూడా వేగం రెట్టింపు చెయ్యాలంటే ఇంజను శక్తి రెండింతలు చాలదు, సుమారు ఎనిమిదింతలు కావాలి.

హద్దు దాటాలంటే ఒకటే దారి. పడవ తన ముందున్న అలను ఎక్కెయ్యాలి. నీళ్లను దున్నుకుంటూ పోవడం మానేసి నీళ్ల మీద జారడం మొదలుపెట్టాలి. చెరువులో పెంకు ముక్క విసిరితే గంతులేస్తూ పోతుంది చూడండి, ఆ పని మనుషుల్ని ఎక్కించుకుని చెయ్యాలన్నమాట. దానికి అడుగు చదునుగా ఉండాలి, ఒళ్లు తేలిగ్గా ఉండాలి, వెనక నుంచి నెట్టే ఇంజను రాక్షసిలా ఉండాలి. స్పీడు బోటులో ఉన్న రహస్యమంతా ఇంతే. మిగతాదంతా రంగూ, మెత్తటి సీట్లూ.

ఈ జారడాన్ని ఆఖరి మెట్టు దాకా తీసుకుపోయిన బోట్లు ఒకసారి మన కృష్ణమ్మలోకి వచ్చాయి. 2018 నవంబరు 16 నుంచి 18 దాకా, విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర, ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లలో ఎఫ్ వన్ హెచ్ టూ ఓ పందెం జరిగింది. కార్ల ఫార్ములా వన్ లాగే ఇది నీటి మీది ప్రపంచ పోటీ. అంతకుముందు మన దేశంలో అది జరిగింది 2004లో బొంబాయిలో. అమరావతి పేరు పెట్టుకున్న జట్టు కూడా ఒకటి దిగింది, తోలినవాళ్లు మాత్రం స్వీడన్ దేశస్థులు. పాపికొండల లాంచీ తప్ప మరో బోటు ఎరగని జనం కూడా గట్టు మీద నిలబడి చూశారు.

ఆ బోటు పొడవు ఆరు మీటర్లు. ఇంజనుతో కలిపి బరువు నాలుగు వందల కిలోల లోపు. దాని వెనక రెండున్నర లీటర్ల ఇంజను. అది నిమిషానికి పదివేల చుట్లు తిరిగి నాలుగు వందల హార్స్ పవర్ ఇస్తుంది. గేర్లు లేవు, బ్రేకులు లేవు. గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. అడుగున రెండు పక్కలా రెండు పొడవాటి తేలుడు భాగాలు, మధ్యలో సొరంగం లాంటి ఖాళీ. జోరందుకున్నాక ఆ ఖాళీలోకి దూరిన గాలి బోటును పైకెత్తుతుంది. నిజానికి ఆ క్షణంలో అది పడవ కాదు, నీటిని వదలడానికి ఇష్టంలేని విమానం. ఎదురుగాలి ఒక్క విసురు ఎక్కువ విసిరితే వెల్లకిలా తిరిగిపడుతుంది. అందుకే తోలేవాణ్ని గట్టి పెట్టె లాంటి గదిలో బెల్టులతో బిగిస్తారు. పందేనికి ముందు అతన్ని అలాంటి డొప్పలో కూర్చోబెట్టి ఈత కొలనులో తలకిందులుగా ముంచుతారు. బయటపడి చూపిస్తేనే నీళ్లలోకి దిగనిస్తారు.

అది తాగే పెట్రోలు గంటకు నూట ఇరవై లీటర్లు. ఈ మాట చెప్పగానే మా వాడు, "మావయ్యా, నేనడిగింది పందెం బోటు కాదు, షికారు బోటు" అన్నాడు. సరే, షికారు లెక్కే చూద్దాం.

వాడి మనసులో ఉన్నది రెండు వందల హార్స్ పవర్ ఇంజను బోటు. పెట్రోలు ఇంజన్లకు ఒక మోటు లెక్కుంది: పూర్తి జోరులో వంద హార్స్ పవర్‌కు గంటకు ముప్ఫై అయిదు, నలభై లీటర్ల మధ్య ఖర్చవుతుంది. అంటే మా వాడి బోటుకు గంటకు డెబ్భై అయిదు లీటర్లు. మన దగ్గర లీటరు నూట పది రూపాయల దగ్గర ఆడుతోంది. గంట సరదాకు ఎనిమిది వేల పైచిలుకు! సగం జోరులో పోతే ఇందులో సగమే అవుతుంది, నిజమే. కానీ సగం జోరులో పోయేవాడు స్పీడు బోటెందుకు కొంటాడు? పైగా పెట్రోలు బంకు రోడ్డు మీద ఉంటుంది, బోటు నీళ్లలో ఉంటుంది. మధ్యలో డబ్బాలు మోసే మనిషొకడు కావాలి.

తర్వాత పన్ను. ఇక్కడ ప్రభుత్వం తన అభిప్రాయం దాచుకోకుండా చెప్పింది. చేపలు పట్టే బోటుకు జీఎస్టీ అయిదు శాతం. విలాసానికీ క్రీడలకీ వాడే బోటుకు 2025 సెప్టెంబరు 22 నుంచి నలభై శాతం. అదే ఫైబరు, అదే సముద్రం. వల ఉంటే అయిదు, వల లేకపోతే నలభై. మా వాడు ఓ వల కూడా కొని బోటులో పడేద్దామన్నాడు. వాడి బుర్ర అలాంటిది.

ఇక ఉప్పు నీళ్లు. డాలస్ సరస్సు మంచినీళ్ల సరస్సు, అక్కడ తిరిగినవాడికి ఈ బాధ తెలియదు. కాకినాడలో తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంజను లోపల మంచినీళ్లు పారించి కడగాలి. లేకపోతే చల్లబరిచే గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది. రెండు రకాల లోహాలు ఉప్పు నీళ్లలో తగులుకుంటే చిన్నపాటి బ్యాటరీ తయారై ఒక లోహం రెండోదాన్ని తినేస్తుంది. అందుకని ఇంజనుకి జింకు ముక్కలు బిగిస్తారు. ఆ తినేదేదో జింకునే తిని మిగతా సామాను జోలికి రాకుండా పోతుంది. జింకు అరిగిపోగానే కొత్తది బిగించాలి. బోటును నీళ్లలోనే కట్టేసి ఉంచితే కొద్ది వారాల్లో అడుగున పాచి, ఆ మీద గుల్లలు. చదునుగా ఉండాల్సిన అడుగు గరుకెక్కిందంటే జారడం పోయి దున్నడం మళ్లీ మొదలవుతుంది. వేగం తగ్గుతుంది, పెట్రోలు పెరుగుతుంది. గీకించాలి, గుల్లలు పట్టని రంగు వేయించాలి. పంకా నీళ్లలో ఏ దుంగకో తగిలిందంటే రెక్క వంగుతుంది. వంగిన రెక్కతో నడిపితే ఆ వణుకు ఇంజను దాకా పోతుంది.

నీళ్లలో ఉంచకపోతే ట్రైలరెక్కించి ఇంటికి తెచ్చుకోవాలి. అంటే పెద్దాపురం! ఓడలు బళ్లవుతాయంటారే, అది మా వీధిలో కళ్లారా చూడాల్సి వచ్చేది. దాన్ని లాగడానికి దిట్టమైన బండి కావాలి, నిలపడానికి షెడ్డు కావాలి, మా సందు మలుపు తిప్పడానికి ఒక గోడ కొట్టెయ్యాలి. ఆ గోడ మాది కాదు.

బోటు కొన్న ధరలో ఏటా పదోవంతు దాని పోషణకే పోతుందని ప్రపంచంలో బోట్లవాళ్లందరి నోటి లెక్క. యాభై లక్షల బోటు అనుకుంటే ఏడాదికి అయిదు లక్షలు. మా వాడు ఏడాదికోసారి వస్తాడు. ఉన్న నాలుగు వారాల్లో పెళ్లిళ్లూ పేరంటాలూ పోగా పది గంటలు బోటులో తిరిగితే గొప్ప. గంటకు యాభై వేలన్నమాట, పెట్రోలు కాక! నేను కాగితం మీద గీత గీసి చూపించిందిదే. బోటు ఖర్చు సంవత్సరాల లెక్కన వస్తుంది, బోటు సుఖం గంటల లెక్కన వస్తుంది. రెండోది పెరగకపోతే మొదటిది ఎంత తగ్గించినా ఒకటే. ఇంజను నడిచినందుకు పాడవడం కంటే నడవక పాడవడమే ఎక్కువ. పైపుల్లో పాత పెట్రోలు జిగురవుతుంది, రబ్బరు ఎండిపోతుంది, బ్యాటరీ చస్తుంది. అమెరికాలో బోటు ఓనర్ల మీద పాత జోకొకటుంది: వాడి జీవితంలో బాగా సంతోషపడే రోజులు రెండే, కొన్న రోజూ అమ్మిన రోజూ. ఈ జోకు మా వాడికీ తెలుసు, కానీ తన విషయంలో వర్తించదనుకున్నాడు.

బోటును గంటల లెక్కన ఎవరు బాగా వాడుకుంటారో చూడాలంటే సరస్సుల దాకా పోనక్కర్లేదు. కాకినాడ కుంభాభిషేకం రేవుకో, ఉప్పాడకో, భైరవపాలేనికో పోతే చాలు. ఆ తీరంలో వేటకు పోయే ఫైబరు బోటు వెనక పొడవాటి తోక లాంటి కడ్డీ, దాని చివర పంకా, పైన పది హార్స్ పవర్ డీజిలు ఇంజను ఉంటాయి. అది గంటకు తాగేది రెండు లీటర్ల చిల్లర. మా వాడి బోటు గంటలో తాగే నూనెతో ఈ బోటు ఒకరోజంతా తిరిగినా ఇంకా మిగులుతుంది. తాళ్లరేవు, కోరంగి పడవల వడ్రంగులకు ఒకప్పుడు సముద్రాలు దాటే ఓడలు కట్టిన పేరుంది. కాకినాడ నావ వాళ్ల పనే. తెరచాపతోనూ తెడ్లతోనూ నడిచిన ఆ నావలకు ఇంజన్లు బిగించడం మీద ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్లు ఈ తీరంలో పనిచేశారు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం కార్యక్రమం వాళ్లది. ఒడ్డుకు దిగే ఫైబరు బోట్ల మీద కూడా వాళ్లే ప్రయోగాలు చేశారు.

వాళ్ల జమాఖర్చు వేరు. డీజిలు, ఐసు, తిండి ఖర్చులు ముందు తీసేస్తారు. మిగిలినదాంట్లో బోటుకో వాటా, వలకో వాటా, మనుషులకు వాటాలు. బోటు కూడా ఒక మనిషిలాగే కూలి తెచ్చుకుంటుంది. డీజిలు మీద లీటరుకు తొమ్మిది రూపాయల రాయితీ 2019లో వచ్చింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. గుడ్లు పెట్టే చేపను వదిలెయ్యడానికి. ఆ రెండు నెలలే బోటు మరమ్మతుకు, రంగుకు. మిగతా పది నెలలూ సముద్రం ఒప్పుకున్నన్నాళ్లు బోటు ఖాళీగా ఉండదు.

అయితే వాళ్లకి వేగం అక్కర్లేదనుకుంటే పొరపాటు. మొగ దగ్గర చూడాలి వాళ్ల సంగతి. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. వరద తెచ్చిన ఇసుక అక్కడ మేట వేస్తుంది. ఈ ఏడు ఉన్నచోట వచ్చే ఏడు ఉండదు. లోతు తగ్గిన ఆ ఇసుక దిబ్బ మీదికి రాగానే సముద్రపు అల నిటారుగా లేచి విరుగుతుంది. వేటాడి నిండా చేపతో తిరిగొచ్చే బోటు ఆ అలల వరసలోంచి లోపలికి రావాలి. తోలేవాడు బయట ఆగి అలలు చూస్తాడు. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, పోతాయి, మధ్యలో కాస్త సందు దొరుకుతుంది. ఆ సందులో ఒక అల వీపు మీద నిలిచి, దాంతో సమానంగా పరుగెత్తి పాయలోకి దూరిపోవాలి. ఇంజను జోరు చాలకపోతే వెనక అల అందుకుని బోటును అడ్డం తిప్పేస్తుంది. అడ్డం తిరిగిన బోటు బోల్తా పడినట్టే. అక్కడ రెండు హార్స్ పవర్ ఎక్కువుంటే ప్రాణం దక్కుతుంది. వేగాన్ని విలాసం కింద కట్టి నలభై శాతం పన్ను వేసినవాళ్లు మొగ దాటి చూసి ఉండరు. అదృష్టం, వేట బోటును మాత్రం వదిలేశారు.

ఖర్చు గురించే ఇంతసేపు చెప్పాను. సుఖం మాటేమిటి? అది లేదంటే అబద్ధమే. విజయవాడ భవానీ ద్వీపం దగ్గర టూరిజం వాళ్ల స్పీడు బోటెక్కినప్పుడు నాకు తెలిసొచ్చింది. మొదట బోటు ముక్కు పైకి లేస్తుంది, ముందు ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఇంజను మొత్తుకుంటుంది, వెనక నీళ్లు కుప్పలు పడతాయి, ముందుకు పోతున్నామన్న నమ్మకం కలగదు. అదే ఆ అల ఎక్కే ఘట్టం. అంతలో ముక్కు దిగుతుంది. ఇంజను గొంతు మారుతుంది, మూలుగు పోయి ఈల వస్తుంది. అదే పెట్రోలు, అదే ఇంజను, కానీ వేగం ఒక్కసారిగా చేతికొస్తుంది. జీవితమంతా నల్లబల్ల మీద బాణాలు గీసి చెప్పిన ఘర్షణ నా కాళ్లకింద నుంచి జారిపోవడం నాకు బాగా తెలిసింది. చిన్న అల తగిలితే అరికాలి నుంచి వెన్నుదాకా లెక్క అందుతుంది. ఒడ్డున కొండ పక్కకి జరుగుతుంది. నేను గట్టిగా అరిచానట, మా ఆవిడ చెప్పింది.

ఈ పిచ్చి డబ్బున్నవాళ్లదే అనుకోవద్దు. నీటి మీద ప్రపంచ వేగం రికార్డు 1978 అక్టోబరు 8 నుంచి ఇవాళ్టిదాకా ఒక్కడి పేరిటే ఉంది. అతను ఆస్ట్రేలియాకు చెందిన కెన్ వార్బీ. సిడ్నీలో తన ఇంటి పెరట్లో చెక్కతో బోటు కట్టుకున్నాడు. ఆ దేశపు వైమానిక దళం పాత సామాను వేలం వేస్తుంటే జెట్ ఇంజను కొన్నాడు. బ్లోవరింగ్ జలాశయం మీద గంటకు 511 కిలోమీటర్ల వేగం తీశాడు. అంతకుముందు 1967 జనవరిలో ఇంగ్లండులో డొనాల్డ్ క్యాంప్‌బెల్ ఇదే పనిలో చనిపోయాడు. 1930లో సర్ హెన్రీ సీగ్రేవ్ కూడా అంతే. వార్బీ తర్వాత ఆ రికార్డు దాటబోయి ఇద్దరు అమెరికన్లు ప్రాణాలు వదిలారు. వార్బీ మాత్రం 2023 దాకా బతికాడు. అంత వేగం తీసినవాడు అన్నేళ్లు బతకడమే నాకు రికార్డు కంటే ఎక్కువగా కనపడుతుంది.

నీళ్ల దగ్గర ప్రాణం మాట మన జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ విహార బోటు మునిగింది. యాభై మందికి పైగా పోయారు. దాన్ని పైకి తీసింది అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఆ పేరే. 2021లో వచ్చిన కొత్త అంతర్గత నౌకల చట్టం 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి, మన నదుల్లో తిరిగే యంత్రపు బోట్లకు రిజిస్ట్రేషను, తనిఖీ, బీమా కావాలంది. సొంత బోటు కొనేవాడు ఆ ఖర్చును గొణుక్కుంటూ కట్టకూడదు. ఇంకోటి: స్పీడు బోటులో ఎర్ర తాడొకటి ఉంటుంది, ఒక కొస ఇంజను స్విచ్చికి, ఇంకో కొస తోలేవాడి ఒంటికి. అతను నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. తగిలించుకోకపోతే మనిషి లేని బోటు గుండ్రంగా తిరిగి మళ్లీ అతని మీదికే వస్తుంది, పంకా తిరుగుతూనే ఉంటుంది. మొత్తం బోటులో అన్నిటికంటే చవకైన సామాను అదే. చాలామంది తగిలించుకోనిదీ అదే.

హోప్ ఐలాండ్ మాట కూడా మా వాడికి చెప్పాను. పదహారు కిలోమీటర్ల పొడవున్న ఆ ఇసుక దిబ్బ అడ్డం ఉండబట్టే కాకినాడ రేవు అలలకు దూరంగా నిమ్మళంగా ఉంది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి గాలి పీల్చుకోవడానికి పైకి తేలతాయి. అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే బోటుకు అవి తప్పుకోలేవు. మా వాడు సంక్రాంతికే వస్తాడు, అవి వచ్చేదీ ఆ రోజుల్లోనే. "అయితే అటు వద్దులే" అన్నాడు. అటు వద్దంటే ఇక ఎటు పోవాలో వాడికే తెలియలేదు.

లెక్క అంతా చూసి, "పోనీ నలుగురం కలిసి కొంటే?" అన్నాడు. ఆ మాట మాత్రం నాకు నచ్చింది. నలుగురు కొంటే బోటు నడిచే గంటలు నాలుగింతలవుతాయి, ఒక్కొక్కరికి ఏడాది ఖర్చు నాలుగో వంతవుతుంది. వేట బోటు వాటాల పద్ధతి లాంటిదే ఇది. నలుగురిలో బోటును కడిగేదెవరన్నది తేలితే చాలు. దాని మీద ఇంకా ఫోన్లు నడుస్తున్నాయి. ఈలోగా మీలో ఎవరికైనా ఈ పురుగు తొలుస్తుంటే భవానీ ద్వీపానికో, విశాఖ రుషికొండకో పోయి ఓ పావుగంట బోటు అద్దెకు తీసుకోండి. లైఫ్ జాకెట్టు బెల్టులన్నీ బిగించుకోండి, తోలేవాడి ఎర్ర తాడు ఒకసారి చూడండి, ముక్కు పైకి లేచినప్పుడు భయపడకండి, నిమిషంలో దిగుతుంది.